నా వార్డువాళ్ళే నన్ను చల్లబరిచారు

మొన్న బుధవారం ఏమైందో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, ఫర్వాలేదు. మా వార్డులో అందరూ ఆ రోజే నవ్వేశారు, మీరే మిగిలారు. ఆరు నెలలుగా నేను అందరికీ నేర్పుతున్న విద్యని, నా కింద పనిచేసే ముగ్గురు కలిసి నా మీదే ప్రయోగించారు. ఎక్కడ? కెమెరా ముందు! ఎవరి ఎదుట? ఏ సంఘంలో సభ్యత్వం కోసం నిద్రలో కూడా దరఖాస్తు నింపుతున్నానో, సరిగ్గా ఆ సంఘం పెద్దల ఎదుట!

ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు విజయలక్ష్మి. పుట్టింది, పెరిగింది కోల్‌కతాలోనే, ఖిదిర్‌పూర్ డాక్ క్వార్టర్స్‌లో. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేవులో పనిచేశారు. నేను నర్సు చదివి, ఇక్కడే ఒక ఆసుపత్రిలో మానసిక రోగుల ఐసీయూకి ఇన్‌ఛార్జి సిస్టర్‌నయ్యాను. ఈ మాట చెప్పగానే మా క్వార్టర్స్‌లో అడిగే మొదటి ప్రశ్న, “ఐసీయూ అంటన్నావు, మరి గొట్టాలేవి?” అని.

మా ఐసీయూలో గొట్టాలుండవు. ఎనిమిది మంచాలుంటాయి, నేలకి బిగించి. మనసు పూర్తిగా అదుపు తప్పి, తనకో పక్కవాళ్ళకో ఏదైనా హాని చేసేలా ఉన్న మనిషిని కొన్ని రోజులు, మహా అయితే కొన్ని వారాలు, కంటికి రెప్పలా చూసుకునే చోటది. ఏ మనిషైనా తన బతుకులో అన్నిటికంటే చెడ్డ వారాన్ని మా దగ్గర గడుపుతాడు. ఆ వారంలో మందుల తర్వాత అతనికి దక్కేది ఒక్కటే, ఎదురుగా నిలబడ్డ మనిషి. ఆ మనిషి ఎలా నిలబడ్డాడు, ఏ గొంతుతో మాట్లాడాడు అన్నదాని మీదే చాలా ఆధారపడి ఉంటుంది.

ఒకప్పుడు ఇంకోటి కూడా ఉండేది. బెల్టులు. చేతులకి రెండు, కాళ్ళకి రెండు. మనిషి ఎదురు తిరిగితే మంచానికి కట్టేసేవాళ్ళం. నేనూ కట్టాను. అబద్ధమాడను. ఆరు నెలల క్రితం మా సూపరింటెండెంట్ గారిని బతిమాలి, సాధించి, వాదించి, వాటిని తీయించి అలమారలో పెట్టించాను. ఆయన చెడ్డవారేం కాదు. ఒకసారి ఒక అటెండరు చెయ్యి విరిగింది, ఆ భయం ఆయన్ని వదల్లేదు. అందుకే ఒక షరతు పెట్టారు. “ఆరు నెలలు చూద్దాం సిస్టర్. ఈలోగా ఈ పనిలో బాగా తలపండిన వాళ్ళెవరైనా బయటినుంచి మీకు దారి చూపిస్తామని రాసివ్వాలి. లేదంటే బెల్టులు మళ్ళీ మంచాల మీదికే.”

మాట ఇచ్చేశాను. ఇచ్చాక తెలిసింది, అలాంటి వాళ్ళు మన వీధి చివర దొరకరని!

వెతగ్గా వెతగ్గా సముద్రాల అవతల ఒక సంఘం కనబడింది. మానసిక రోగుల ఐసీయూల్లో పనిచేసే నర్సులు, డాక్టర్లు కలిసి పెట్టుకున్నది. వేరే దేశాల వార్డులకి అంతర్జాతీయ సభ్యత్వం ఇస్తారు. ఇస్తే, వాళ్ళ దేశంలో బాగా నడిచే ఒక వార్డుని మనకి జత చేస్తారు. నెలకోసారి వీడియోలో కలిసి, మన కష్టం విని, వాళ్ళ అనుభవం చెబుతారు. సరిగ్గా సూపరింటెండెంట్ గారు అడిగింది అదే! దరఖాస్తు పంపాను. “మీతో ఒక ఇరవై నిమిషాలు వీడియోలో మాట్లాడి నిర్ణయిస్తాం” అని జవాబొచ్చింది.

ఇదంతా ఎవరికోసం అని అడిగితే నాకొక మొహం కనబడుతుంది. మా వార్డులో ఒకావిడ ఉంది, స్కూల్లో భూగోళం చెప్పి రిటైరైంది. పేరు చెప్పను. బెంగాలీలో టీచరమ్మని దిదిమణి అంటారు, మేమూ అలాగే పిలుస్తాం. ఇంతకుముందు ఇంకెక్కడో ఆవిణ్ణి కట్టేశారు. మా దగ్గరకి వచ్చాక నెమ్మదిగా కుదుటపడుతోంది. ఆవిడ బెంగాలీ నోట్లో నేను బిజొయాని. రోజూ పొద్దున్న నేను డ్యూటీకి రాగానే ఆవిడ మొదటి మాట ఒక్కటే.

“బిజొయా, ఆ బెల్టులెక్కడ?”

“అలమారలో, దిదిమణీ. తాళంచెవి నా దగ్గరే ఉంది.”

“నెలాఖరు తర్వాత?”

సూపరింటెండెంట్ గారి ఆరు నెలల గడువు ఆ నెలాఖరుకే తీరుతుంది. “తెలీదు దిదిమణీ. తెలిసిన రోజు నిజమే చెబుతాను” అనేదాన్ని. ఆవిడ తలూపి, దుప్పటి మడత పెట్టుకునేది.

నెలాఖరు ఇంకో వారం ఉందనగా వచ్చింది ఆ బుధవారం.

అసలు కథకి ముందు నా శిక్షణ గురించి చెప్పకపోతే మీకు రుచి తెలీదు. బెల్టులు తీసేశాక మనుషుల కోపాన్ని మాటతోనే దించాలి కదా, అందుకని రోజూ మధ్యాహ్నం పావుగంట ప్రాక్టీసు పెట్టాను. ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్ళు మూగనోము పట్టాలి. ఎదురెదురుగా కాకుండా ఓ పక్కగా, రెండు చేతుల దూరంలో నిలబడాలి. అరచేతులు కనబడాలి. ఆ మనిషి గొంతు పెంచేకొద్దీ మనం దించాలి. “మీకు కోపం రావడం నాకు అర్థమవుతోంది” అనాలి. ఆ తర్వాత రెండు దారులు చూపించి, ఏదో ఒకటి వాళ్ళనే ఎంచుకోమనాలి. చుట్టూ చేరినవాళ్ళని పంపేయాలి. ముట్టుకోకూడదు.

ప్రాక్టీసులో పేషెంటు వేషం ఎప్పుడూ బాపీదాదే. బాపీదా, అంటే బాపీ అన్న, మా అటెండరు, తలుపంత మనిషి. ఫుట్‌బాల్ మ్యాచ్‌లో రిఫరీని తిట్టినట్టు మమ్మల్ని తిట్టేవాడు. స్టాఫ్ నర్సు మౌసుమి మాట్లాడేది. నర్సమ్మత్త జనాన్ని పంపేసేది. నర్సమ్మత్త మా వార్డులో ఆయా. మా క్వార్టర్స్ మనిషే, నన్ను చంకనెత్తుకుని తిప్పిన మనిషి. నేనెప్పుడూ పేషెంటు వేషం వెయ్యలేదు. ఇన్‌ఛార్జిని కదా!

ఒకరోజు బాపీదా అడిగాడు, “దీదీ, పెద్ద డాక్టరుగారే అరిస్తే?” అని.

“ఎవరిదైనా అరుపు అరుపే” అన్నాను, మహా జ్ఞానిలా. “మొహం చూడకండి, పద్ధతి చూడండి. రేపు నేనే అరిచాననుకోండి, నాకూ ఇదే వైద్యం.”

అందరూ నవ్వారు. మౌసుమి నవ్వలేదు. పుస్తకంలో రాసుకుంది.

బుధవారం పొద్దున్న, ఎంత తిరిగినా మడత చెదరని నేత చీర కట్టుకున్నాను. కంగారులో టీ కూడా తాగలేదు. బస్సులో మనసులోనే ఇంగ్లీషు వాక్యాలు తిరగేసుకుంటూ ఒక స్టాపు దాటిపోయి వెనక్కి నడిచాను. వార్డుకి రాగానే నర్సమ్మత్త నన్ను ఎగాదిగా చూసింది.

“ఏటే విజయా, పెళ్ళికేటి?”

“కాదత్తా, ఇవాళ విదేశీ సంఘంవాళ్ళతో మాట్లాడాలి. సభ్యత్వం ఇస్తారు.”

“ఆ సంగంలో సేరితే ఏటిస్తారు? ఏడాదికోపాలి బోజనాలెడతారా, మన తెలుగు సంగంలాగ?”

“భోజనాలు కాదు, సలహాలిస్తారు.”

“సలాలా! మన క్వార్టర్సులో తక్కువేటి అయి!” అని చీపురు అందుకుంది.

వాళ్ళ ఉత్తరంలో పొద్దున్న తొమ్మిదింటికి అని ఉంది, వాళ్ళ టైము. నేను వేళ్ళ మీద లెక్కేసి మనకి మధ్యాహ్నం ఒకటిన్నర అని తేల్చాను. ఒంటిగంటా పావుకే మీటింగు గదిలో కూర్చున్నాను. పేషెంట్ల ఇంటివాళ్ళతో మాట్లాడే చిన్న గది అది. ఒక గోడకి పెద్ద అద్దం, అద్దం అవతల వార్డు హాలు. ఆసుపత్రివాళ్ళ లాప్‌టాప్ తెరిచాను. లోపలికి తీసుకునేదాకా ఆగమని ఒక మాట, దాని పక్కన గిరగిరా తిరిగే చక్రం.

ఒకటిన్నర. చక్రం తిరుగుతోంది. రెండు. చక్రం తిరుగుతోంది. ఆకలి దాటిపోయి కడుపు మండుతోంది. పైఅంతస్తులో ఎవరో గోడకి డ్రిల్లింగ్ మొదలెట్టారు. నాలోపల వేరే మీటింగ్ నడుస్తోంది. “మనమంటే ఎంత చులకన! ఒకటిన్నర అని చెప్పి రెండుంపావు దాకా కూర్చోబెడతారా? మనం చేస్తే ఇండియా వాళ్ళింతే అంటారు!” వాళ్ళకి రాయాల్సిన ఘాటైన ఉత్తరం మనసులో మూడు పేరాలు రాసేశాను. చలికాలం రాగానే వాళ్ళు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారని, అసలు టైము రెండున్నర అని నాకు ఆ సాయంత్రం తెలిసింది. పాపం, వాళ్ళు ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యలేదు.

రెండూ ఇరవై ఎనిమిదికి చక్రం ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. లాప్‌టాప్ నల్లబడి, “అప్‌డేట్ అవుతోంది, ఆపకండి” అంది.

ఆ యంత్రానికి ఆ నిమిషమే దొరికిందా!

గబగబా ఫోన్ తీసి, నీళ్ళ జగ్గుకి ఆనించి, లింకు నొక్కాను. నల్లటి తెర. వాళ్ళు నాకు కనబడలేదు. నా బొమ్మ కూడా నాకు కనబడలేదు. కాబట్టి నేనూ వాళ్ళకి కనబడనని తీర్మానించుకున్నాను. ఇంత చదువుకున్నదాన్ని, ఎలా అనుకున్నానో! చిన్నపిల్లలు కళ్ళు మూసుకుంటే ఎవరికీ కనబడమనుకుంటారు చూడండి, అచ్చం అలాగే.

గోడకున్న ఇంటర్‌కమ్ తీసి కంప్యూటర్ విభాగానికి చేశాను. అవతల ఎవరో నములుతూ ఎత్తారు.

“మేడం, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా?”

అంతే! గంటకి పైగా నాలో ఉడుకుతున్నదంతా పొంగిపోయింది. బెంగాలీలో మొదలెట్టి, హిందీలోకి దిగి, చివరికి తెలుగులో తేలాను. “ఆఫ్ చేస్తే పోయేదేమిటో తెలుసా నీకు? ఎనిమిది మంచాలు! మళ్ళీ మనుషుల్ని కట్టేస్తారు, కట్టేస్తారు, తెలుసా!” అని బల్ల మీద చరిచాను. స్టీలు గ్లాసు ఎగిరి, కిందపడి, గదంతా దొర్లింది. కుర్చీ వెనక్కి తోశాను, పడిపోయింది. ఇంటర్‌కమ్ వైరు ఎంతదూరం వస్తే అంతదూరం అటూ ఇటూ నడుస్తూ అరుస్తున్నాను.

అద్దం అవతల మౌసుమి తలెత్తి చూసింది. పెద్ద గొంతు, విసిరిన వస్తువు, పడిపోయిన కుర్చీ, అటూ ఇటూ తిరగడం. నాలుగు గుర్తులూ నేను నేర్పినవే. జేబులో బెల్లు నొక్కింది.

తలుపు మెల్లగా తెరుచుకుంది. మౌసుమి ముందు, రెండు అడుగుల వెనక బాపీదా. హాల్లో నర్సమ్మత్త చేతులు ఊపుతూ, “ఏటి సూత్తారు, ఎల్లండి ఎల్లండి” అని అందరినీ పంపేస్తోంది. తెలుగు రానివాళ్ళు కూడా వెళ్ళిపోయారు, అదేం మహిమో.

మౌసుమి ఓ పక్కగా నిలబడింది. అరచేతులు చూపించింది. గొంతు దించింది. “దీదీ, మీకు కోపం రావడం నాకు అర్థమవుతోంది.”

“ఏం అర్థమవుతోంది నీకు? ముందు బయటికి పో! మీటింగుంది!”

గొంతు ఇంకా దించింది. “మీకు చాలా కోపంగా ఉంది. నాకు అర్థమవుతోంది. రెండు దారులున్నాయి దీదీ. ఇక్కడ కూర్చుని నీళ్ళు తాగొచ్చు. లేదంటే నాతో హాల్లో నడవొచ్చు.”

“నాకు మూడో దారి కావాలి! ఇంటర్నెట్!”

“ఇక్కడ కూర్చోవచ్చు, లేదంటే హాల్లో నడవొచ్చు...”

మౌసుమికి నేను నేర్పిందే అది. ఎన్నిసార్లైనా అవే మాటలు, అదే గొంతుతో చెప్పాలి, మార్చకూడదు అని. అది మార్చలేదు! నేను అరిచేకొద్దీ ఆ పిల్ల గొంతులోంచి తేనె కారుతోంది. ఆ తేనె నా చెవుల్లో పడేకొద్దీ ఒళ్ళు భగ్గుమంటోంది. “నాకు అర్థమవుతోంది” అని ఎవరైనా అంత మెత్తగా అంటే ఇంత మంటగా ఉంటుందని నాకు తెలీదు. పదహారేళ్ళుగా ఆ మాట ఎన్ని వందలసార్లు అన్నానో! ఎంతమంది నా మొహం మీద ఉమ్మాలనుకుని ఆగిపోయారో!

తలుపు వైపు చూశాను. తలుపు లేదు. అంటే ఉంది, కానీ దాని ముందు బాపీదా ఉన్నాడు. నేను చెప్పిన చోటే, చెప్పిన కోణంలోనే, చేతులు కిందికి దించి, చాలా మర్యాదగా నిలబడ్డాడు. అటువైపు నుంచి చూస్తే అది అందరి క్షేమం కోసం నిలబడటం. ఇటువైపు నుంచి చూస్తే గోడ. ఇటువైపు నేనెప్పుడూ నిలబడలేదు. నిజం చెబుతున్నాను, నాకు భయమేసింది. నా వార్డు, నా మనుషులు, నేను రాసిన పద్ధతి, అయినా ఒక్క క్షణం వీళ్ళు నన్నేం చేస్తారో అనుకున్నాను. కోపమంతా పోయి భయం మిగిలింది, ఆ భయం మళ్ళీ అరుపుగానే బయటికొచ్చింది.

అప్పుడు బాపీదా భుజం వెనక నుంచి ఒక గొంతు వినబడింది. నర్సమ్మత్త ఎంత తోలినా కదలని మనిషి ఒకరున్నారు.

“బాపీ, పక్కకి జరుగు. ఆవిడకి తలుపు కనబడాలి.”

దిదిమణి! క్లాసులో చివరి బెంచీవాణ్ణి కదిలించే గొంతది. బాపీదా ఠక్కున జరిగాడు.

“మౌసుమీ, ఆ అర్థమవుతోంది అనే మాట ఆపు. నేనిక్కడికి వచ్చిన రోజు నాకూ అలాగే ఒళ్ళు మండింది. అప్పుడు చెబుదామనుకున్నాను. అప్పుడు నా మాట ఎవరు విన్నారు?”

తలుపు కనబడింది. తెరిచే ఉంది. కావాలంటే వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోవచ్చని తెలిశాక వెళ్ళాలనిపించలేదు. పడిపోయిన కుర్చీ నేనే లేపుకుని కూర్చున్నాను.

నర్సమ్మత్త లోపలికొచ్చింది. పద్ధతీ లేదు, దూరమూ లేదు. నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

“పొద్దుట్నించి ఏటైనా తిన్నావేటి?”

“లేదత్తా.”

“అదీ సంగతి. కడుపులో ఏటీ నేకపోతే మనిసికి కోపం రాకేటొస్తాది?” అని తన డబ్బా తీసింది. ఆవనూనె, పచ్చిమిరపకాయ ముక్కలు కలిపిన మూరీ. మన మరమరాలే, ఇక్కడ అలా అంటారు. నాలుగు గుప్పిళ్ళు తిన్నాను. కళ్ళలో నీళ్ళొచ్చాయి. మిరపకాయ వల్లే అనుకోండి.

ఇంతలో జగ్గు దగ్గర నుంచి ఎవరో ఇంగ్లీషులో, చాలా మొహమాటంగా, “హలో... మేం ఇంకోసారి రమ్మంటారా?” అన్నారు.

చెయ్యి డబ్బాలోనే ఉండిపోయింది.

ఫోన్ తెర మీద మూడు గడులు, మూడు మొహాలు. మధ్యలో తెల్ల జుట్టు పెద్దావిడ, ఆ సంఘానికి అధ్యక్షురాలు. ముగ్గురూ కదలకుండా నన్నే చూస్తున్నారు. అప్పటికి ఎంతసేపట్నుంచి చూస్తున్నారో అడిగే ధైర్యం నాకెక్కడిది? ఆవిడే చెప్పింది. “మీరు గోడఫోన్లో మాట్లాడుతున్నప్పట్నుంచీ ఉన్నాం. భాష తెలీలేదు. విషయం మాత్రం తెలిసింది.”

భూమి తెరుచుకోలేదు. నేనైతే సిద్ధంగానే ఉన్నాను.

“ఇది మీ బృందం మాకోసం చేసి చూపించిన అభ్యాసమా?” అని అడిగింది. నిజంగానే అడిగిందో, నాకు తప్పించుకునే సందు ఇచ్చిందో ఇప్పటికీ తెలీదు. వెనకనుంచి బాపీదా గుసగుసగా, “డ్రిల్ బోలే దిన్ దీదీ! డ్రిల్ అని చెప్పేయండి!” అంటున్నాడు.

చెప్పేద్దామనే నోరు తెరిచాను. ఎంత చక్కటి అబద్ధం! మా బృందం ఎంత బాగా చేసిందో కళ్ళారా చూశారు కూడా. సభ్యత్వం వచ్చేస్తుంది, బెల్టులు అలమారలోనే ఉంటాయి. కానీ దిదిమణి గడప మీద నిలబడి నన్నే చూస్తోంది. ఆవిడకి ఇచ్చిన మాట ఒకటుంది. నిజమే చెబుతానని.

“కాదండీ” అన్నాను. “అది నేనే. నాకు నిజంగానే కోపం వచ్చింది, నిజంగానే అదుపు తప్పాను. వాళ్ళు నిజంగానే నన్ను శాంతింపజేయడానికి వచ్చారు. నేను నేర్పిన పద్ధతిలోనే.”

“పనిచేసిందా?”

“లేదు.” చెప్పేశాక నాకే ఆశ్చర్యం వేసింది. “తలుపు కనబడ్డాక పనిచేసింది. ఆ తర్వాత మరమరాలు.”

ముగ్గురూ ఏదో రాసుకున్నారు. అయిపోయింది అనుకున్నాను. ఆరు నెలల పాటు పడ్డ కష్టం నాలుగు గుప్పిళ్ళ మూరీతో గంగలో కలిసిపోయింది. తలెత్తి దిదిమణి వైపు చూడలేకపోయాను.

ఆవిడే నా దగ్గరకి వచ్చింది. “నేను వాళ్ళతో మాట్లాడొచ్చా?” అంది.

ఫోన్ బోర్లా పెట్టాను. పేషెంటు మొహం కనబడకూడదు, పేరు వినబడకూడదు, ఇష్టమైతేనే మాట్లాడాలి. ఆ నియమం మాత్రం అంత కంగారులోనూ మర్చిపోలేదు. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

దిదిమణి బోర్లా పడుకున్న ఫోన్ వైపు వంగి, స్కూల్ ఇన్‌స్పెక్టరుకి చెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పింది. “సిస్టర్ పదకొండు నిమిషాల్లో కుదుటపడింది. గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. నేను ఈ వార్డుకి వచ్చిన రోజు నాకు గంట పట్టింది. ఇక్కడికి రాకముందు, ఇంకోచోట, నన్ను మంచానికి కట్టేశారు. అక్కడ మూడోరోజుకి అరవడం మానేశాను. దాన్ని వాళ్ళు కుదుటపడటం అని రాసుకున్నారు.”

ఫోన్లోంచి పెద్దావిడ, “మేమూ చాలాకాలం అలాగే రాసుకున్నాం” అంది. ఆ గొంతులో అధ్యక్షురాలు లేదు, ఎవరో ముసలి నర్సు ఉంది. తర్వాత ధన్యవాదాలు చెప్పి, తెలియజేస్తాం అని పెట్టేశారు.

ఆ రాత్రి ఇంటికెళ్ళి చాలాసేపు ఆలోచించాను. అవమానం గురించి కాదు. అది భోజనం అయ్యేసరికి తగ్గిపోయింది. పదహారేళ్ళు ఒకే వైపు నిలబడి, రెండు వైపులా తెలుసనుకున్నాను చూడండి, దాని గురించి. కోపంలో ఉన్న మనిషికి మన మాట కంటే ముందు తలుపు కావాలని ఏదో ఒక పుస్తకంలో ఉండే ఉంటుంది. చదివే ఉంటాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకునే ఉంటాను. తెలియడానికి మాత్రం బాపీదా అడ్డం నిలబడాల్సి వచ్చింది.

మర్నాడు పద్ధతి మార్చాం. దిదిమణి కుర్చీలో కూర్చుని చెబుతుంటే బాపీదా పది చోట్ల నిలబడి చూపించాడు, ఏ చోటైతే తలుపు కనబడుతుందో తేలేదాకా. “అర్థమవుతోంది” అన్న మాటని మౌసుమి పుస్తకంలో ఎర్ర సిరాతో కొట్టేసింది. దాని బదులు “ఏం కావాలి?” అని రాసుకుంది. పేషెంటు వేషం ఇప్పుడు వంతులవారీగా వేస్తున్నాం, నాతో సహా. నేను బాగా చేస్తానని అందరూ మెచ్చుకుంటున్నారు.

శుక్రవారం సూపరింటెండెంట్ గారి నుంచి పిలుపొచ్చింది. గుండె చిక్కబట్టుకుని వెళ్ళాను. ఆయన ముందు రెండు కాగితాలున్నాయి. ఒకటి సంఘంవాళ్ళ ఉత్తరం, ఆయనకే నేరుగా పంపారు. మా వార్డుకి అంతర్జాతీయ సభ్యత్వం ఇస్తున్నారట. ఒక వార్డుని జత చేస్తున్నారట. జత అయ్యేది ఆ పెద్దావిడ వార్డేనట. కూర్చోమనకుండానే కూర్చున్నాను.

రెండో కాగితం ఈ నెల జాబితా. వార్డులో ఎవరైనా అదుపు తప్పిన ప్రతిసారీ ఒక ఫారం నింపాలి. మౌసుమి వదిలిపెడుతుందా? నా మీదా నింపింది. ఫారంలో పేషెంటు అన్న గడి ఉంది కానీ స్టాఫ్ అన్న గడి లేదు. అందుకని మిగతా ఏడుగురి కింద ఎనిమిదోదిగా నన్నూ చేర్చేసింది. పేర్లు రాయం కాబట్టి వి.ఎల్. అని మాత్రమే ఉంది.

సూపరింటెండెంట్ గారు కళ్ళజోడు సర్దుకుని పైకే చదివారు. “వి.ఎల్., స్త్రీ, నలభై నాలుగేళ్ళు. గట్టిగా అరవడం, వస్తువులు పడెయ్యడం, మూడు భాషల్లో తిట్టడం. బెల్టు వాడలేదు. పదకొండు నిమిషాల్లో కుదుటపడింది.” కాగితం దించి నన్ను చూశారు. “ఎనిమిది మందిలో ఇదే అన్నిటికంటే గట్టి కేసులా ఉంది సిస్టర్! ఇలాంటిదాన్ని కూడా బెల్టు లేకుండా దించారంటే, ఇంక వాటిని బయటికి తీయాల్సిన పని లేదు.”

పెన్ను తెరిచారు. కాగితం మీద ఆనించి, మళ్ళీ ఆగారు.

“ఈవిడ మళ్ళీ వచ్చే ప్రమాదం ఉందంటారా?”

ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు. కానీ ఈ వారంలో నిజం చెప్పడం బాగా అలవాటైపోయింది.

“రోజూ వస్తుంది సార్. పొద్దున్న ఎనిమిదింటికి. ఆ వి.ఎల్.ని నేనే.”

ఆయన నన్ను ఒకసారి పైనుంచి కిందిదాకా చూసి, సంతకం పెట్టేశారు. ఆయన అంత తొందరగా సంతకం పెట్టడం నా పదహారేళ్ళ సర్వీసులో నేను చూడలేదు.